ఎడ్డీ బ్రౌన్ 300 టచ్‌డౌన్లు: ఇండోర్ వైడ్ రిసీవర్ కెరీర్‌ని అసలు ఎలా లెక్కేయాలి?

కాకినాడ_కాజా (ఫ్రిస్కో)
జెర్రీ రైస్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (బయట గ్రౌండులో ఆడే పెద్ద లీగు) 20 సీజన్లు ఆడి పట్టిన టచ్‌డౌన్ పాసులు 197. అరీనా ఫుట్‌బాల్ లీగ్‌లో (ఏఎఫ్‌ఎల్, హాల్లో ఆడే లీగు) ఎడ్డీ బ్రౌన్ అని ఒకాయన 1994 నుంచి 2003 దాకా పదేళ్ళలో 300 దాటించేశాడండి. ఈ మాట ఎక్కడ చెప్పినా నవ్వుతారు, హాల్లో ఆడే ఆటకి లెక్కేంటి అంటారు. నాకేమో ఒళ్ళు మండుద్ది. మా ఊళ్ళో కొమెరికా సెంటర్‌లో ఫ్రిస్కో ఫైటర్స్ అనే ఇండోర్ టీము ఆడినన్నాళ్ళు వెళ్ళేవాణ్ణి (2021లో మొదలెట్టి 2024 సీజన్‌తో సర్దేశారు, అదో బాధ), మొదటి వరసలో కూర్చుంటే రిసీవర్ వచ్చి మన ముందున్న గోడకి గుద్దుకుని కూడా బంతి వదలడు, ఆ చప్పుడు విన్నోడెవడూ ఇది ఉత్తుత్తి ఆట అనడు. అందుకని అడుగుతున్నా, ఇండోర్ వైడ్ రిసీవర్ కెరీర్‌ని మీరైతే ఎలా చూస్తారు? నిజంగానే గొప్పోళ్ళా, చిన్న గ్రౌండు పుణ్యమా? ఇంకోటి, దాంట్లో ఇల్లు గడిచేంత డబ్బులు వస్తాయా అసలు?

కొత్తగా_వచ్చా
ఇండోర్ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఫుట్సల్ కదా బ్రో? వైడ్ రిసీవర్ ఏంటి మధ్యలో

బెజవాడ_బ్లిట్జ్
కాదు బ్రో, అమెరికన్ ఫుట్‌బాలే, దాన్ని తీసుకొచ్చి ఐస్ హాకీ రింకులో కుక్కారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, పరిగెత్తుకెళ్ళి దాన్ని పట్టేవాడు వైడ్ రిసీవర్, బంతిని అవతలి చివరున్న ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్. జిమ్ ఫాస్టర్ అనే ఆయన 1981లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ చేతిలో ఉన్న కవరు మీద గ్రౌండు బొమ్మ గీశాడు, అక్కడ పుట్టింది. 1987లో నాలుగు టీములతో లీగ్ మొదలైంది: చికాగో, డెన్వర్, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్. మొదటి ఫైనల్‌లో డెన్వర్ డైనమైట్ 45-16తో పిట్స్‌బర్గ్‌ని కొట్టింది, ఆ మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్ కూడా రిసీవరే, గ్యారీ ములెన్. అంటే ఇది మొదట్నించీ రిసీవర్ల ఆట అనుకో.

ఇప్పుడు అసలు విషయం. గ్రౌండు పొడవు 50 గజాలు, వెడల్పు 85 అడుగులు, ఎండ్ జోన్ ఎనిమిది గజాలు, టీముకి ఎనిమిది మంది. బయట ఆటలో 100 గజాలు, 160 అడుగులు, పదకొండు మంది. పక్కన సైడ్‌లైన్ ఉండదు, మెత్త కుట్టిన గోడ ఉంటుంది. గోల్‌పోస్టుకి రెండు పక్కలా 30 అడుగుల వెడల్పు, 32 అడుగుల ఎత్తున వలలు కడతారు, బంతి వల మీద పడి తిరిగొచ్చినా ఆట నడుస్తానే ఉంటుంది, గాల్లో ఉండగా ఎవడు పట్టుకుంటే వాడిదే. పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేయడం) లేదు, నాలుగో డౌన్‌లో, అంటే చివరి అవకాశంలో, అయితే ముందుకి వెళ్ళాలి లేదంటే ఫీల్డ్ గోల్ కొట్టాలి.

రిసీవర్‌కి ఇచ్చిన పెద్ద వరం ఏంటంటే, ఒక రిసీవర్ బంతి కదలకముందే ముందుకి పరిగెత్తొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడ్డంగా కదలొచ్చు గానీ ముందుకి కదిలితే ఫౌల్. ఇక్కడ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి లైను దగ్గరకి వచ్చేసరికి ఫుల్ స్పీడులో ఉంటాడు, ఎదురుగా ఉన్న డిఫెండరేమో నిలబడిన చోట నుంచి వెనక్కి తిరగాలి. పైగా లైన్‌బ్యాకర్లలో ఒకడికి గీత గీసి కూర్చోబెడతారు, జాక్ అంటారు వాణ్ణి, ఆ పెట్టె దాటి ఇష్టమొచ్చినట్టు వెళ్ళకూడదు. ఇవన్నీ కలిస్తే ఒక్కో టీము 50, 60 పాయింట్లు కొట్టడం మామూలే.

కారందోశ_కడప
అంటే టీ10 క్రికెట్లో సిక్సులు లెక్కబెట్టి సచిన్ కంటే గొప్పోడు అన్నట్టు గదబ్బా ఇది. రూల్సే వాళ్ళకోసం రాసినారు, గ్రౌండు సగం, 300 ఏంది 500 పడతాయి.

బెజవాడ_బ్లిట్జ్
@కారందోశ_కడప సగమే ఒప్పుకుంటా. టీ10లో బౌండరీ దగ్గరైతే లాభం మొత్తం బ్యాట్స్‌మన్‌దే. ఇక్కడ గ్రౌండు చిన్నదవడం వల్ల రిసీవర్‌కి పోయేది కూడా ఉంది చూడు. 85 అడుగుల్లో పదహారు మంది తిరుగుతుంటే ఖాళీ ఎక్కడుంటుంది? బయట ఆటలో రిసీవర్ డిఫెండర్‌ని మూడు గజాలు దాటితే ఓపెన్ అంటారు, ఇక్కడ ఒక్క అడుగు దొరికితే అదే ఎక్కువ, బంతి వచ్చేసరికి అదీ మూసుకుపోతుంది. ఇంకోటి గోడ. బయట ఆటలో క్యాచ్ పట్టి కాళ్ళు రెండూ లోపల పెట్టి బయటికి దొర్లిపోవచ్చు, గడ్డి మీద పడతావు. ఇక్కడ దొర్లడానికి చోటు లేదు, నడుము ఎత్తు గోడ మీద వంగిపోయి తల అవతల పాప్‌కార్న్ తినేవాడి ఒళ్ళో పడుద్ది. చూసేవాళ్ళకి బానే ఉంటుంది గానీ ఒక సీజన్ అయ్యేసరికి పక్కటెముకలు ఏమవుతాయో ఆలోచించు.

కాబట్టి రైస్ 197, బ్రౌన్ 300 పక్కపక్కన పెట్టి పోల్చడం రెండు పక్కలా తప్పే. బ్రౌన్‌ని అదే గ్రౌండులో అదే రూల్సుతో ఆడిన మిగతా వాళ్ళతో పోల్చు. అలా పోల్చే 2006లో లీగు వాళ్ళు 20 మంది గొప్ప ఆటగాళ్ళ లిస్టు వేస్తే ఒకటో నంబరు ఆయనదే. కర్ట్ వార్నర్ ఆడిన లీగు అది, అయినా ఒకటో నంబరు బ్రౌన్‌దే.

తాతయ్య_టచ్‌డౌన్ (న్యూ ఆర్లీన్స్)
పిల్లలూ, మీరందరూ టచ్‌డౌన్లే లెక్కపెడుతున్నారు. నేను ఈ దేశం వచ్చినప్పటికి అరీనా లీగు ఇంకా పుట్టలేదు, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. 2007 దాకా ఆ లీగులో చాలామంది రెండు పక్కలా ఆడాలి. దాన్ని ఐరన్‌మ్యాన్ ఫుట్‌బాల్ అనేవాళ్ళు. అంటే పాస్ పట్టి టచ్‌డౌన్ కొట్టినవాడే, ఊపిరి తీసుకునే లోపు అవతల టీము రిసీవర్‌ని కాపలా కాయాలి. ఆఫెన్స్ ఒక్కటే ఆడే స్పెషలిస్టు ఒకడికి మినహాయింపు ఉండేది, ఎడ్డీ బ్రౌన్ ఆ చోటులో ఆడినవాడు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి మరి.

నన్నడిగితే ఆ లీగులో అసలు మనిషి బ్యారీ వాగ్నర్. అలబామా ఏ అండ్ ఎం కాలేజీ. 1992లో ఓర్లాండో ప్రెడేటర్స్‌లో చేరాడు, తర్వాత సాన్ హొసే సేబర్‌క్యాట్స్‌కి వెళ్ళాడు. క్యాచులు పట్టడం, ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళ పాసు లాక్కోవడం), ట్యాకిళ్ళు, కిక్ రిటర్న్‌లు (అవతలివాళ్ళు తన్నిన బంతి పట్టుకుని ఎదురు పరిగెత్తడం), అన్నీ ఒక్కడే. ఐరన్‌మ్యాన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఆరుసార్లు. ఓర్లాండోతో 1998లో ఒక కప్పు, సాన్ హొసేతో 2002, 2004లో ఇంకో రెండు. ఈ తరం వాళ్ళకి ఆ పేరే తెలియదు, ఎందుకంటే హైలైట్స్‌లో క్యాచ్ చూపిస్తారు, ఆ తర్వాతి ప్లేలో వాడే డిఫెన్స్ ఆడాడని ఎవడూ చెప్పడు.

ఓరుగల్లు_పోరడు (డెమోయిన్)
మస్తు జెప్పిండ్రు పెద్దాయన. మా డెమోయిన్‌ల బార్న్‌స్టార్మర్స్ అంటె అందరికి ఒక్కటే కథ, కర్ట్ వార్నర్ కిరాణా కొట్ల గంటకి ఐదున్నర డాలర్లకి రాత్రిపూట అల్మారాలు సదురుకుంట, ఆనించి అరీనాకి వచ్చి 1995 నుంచి 97 దాంక ఈడ ఆడి, 2000 జనవరిల సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఎంవీపీ, అంటె బెస్ట్ ప్లేయర్ అయిండు. గా కథ ఎన్నిసార్ల ఇన్ననో. గని గాయన ఏసిన పాసులు గాల్లోనే ఆగిపోలే గదా, ఎవడో ఒకడు పట్టిండు గదా? పట్టినోళ్ళ పేర్లు ఊర్ల ఎవర్నన్న అడుగు, సగం మందికి ఎర్కలేదు. క్వార్టర్‌బ్యాక్ పైకి పోతె సినిమా, రిసీవర్ ఈడ్నే ఉంటె ఫొటో గూడ లేదు.

టీము ఇప్పటికి ఉంది, ఐఎఫ్‌ఎల్‌ల. 2018ల కప్పు గొట్టిండ్రు, సూ ఫాల్స్ మీద 69-68. ఒక్క పాయింట్! గిట్లాంటి మ్యాచ్ జూస్తె ఎన్‌ఎఫ్‌ఎల్ సప్పగ అనిపిస్తది.

కొత్తగా_వచ్చా
ఐఎఫ్‌ఎల్, ఏఎఫ్‌ఎల్ రెండూ వేరా?

ఓరుగల్లు_పోరడు
వేరే. ఐఎఫ్‌ఎల్ అంటె ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్, రెండు చిన్న లీగులు కల్సి 2009ల ఆడుడు షురువు జేసినయ్. గ్రౌండు గదే 50 గజాలు, గోడలు గవే, గని వలలుండయి. ఫాస్టర్ సారు ఆట మీద పేటెంట్ దీస్కున్నడు 1990ల, గందుకె మిగతా లీగులోళ్ళు వలల జోలికి పోలే. కిక్‌ఆఫ్ నేరుగ గోల్‌పోస్టు మధ్యలకెళ్ళి పోతె రెండు పాయింట్లిస్తరు, డ్యూస్ అంటరు. అరిజోనా రాట్లర్స్ అసొంటి పెద్ద టీము గూడ 2016ల ఏఎఫ్‌ఎల్ ఇడిశిపెట్టి ఇటే వచ్చింది.

తాతయ్య_టచ్‌డౌన్
వార్నర్ కథ అంటే గుర్తొచ్చింది, మా ఊళ్ళో దాన్ని మించిన కథ ఉంది, అదీ రిసీవర్‌ది. మైఖేల్ లూయిస్. ఇక్కడి కుర్రాడే, కాలేజీ ఫుట్‌బాల్ ఆడనే లేదు. బీరు ట్రక్కు నడిపేవాడు, షాపులకి కేసులు దించేవాడు. 1998లో లూయిజియానా బాయూ బీస్ట్ అని ఒక చిన్న ఇండోర్ టీములో మొదలెట్టాడు, ఆ తర్వాత అరీనా లీగులో న్యూజెర్సీ రెడ్ డాగ్స్, మధ్యలో జర్మనీ వెళ్ళి రైన్ ఫైర్ టీముకి కూడా ఆడాడు. 2001లో మా ఊరి ఎన్‌ఎఫ్‌ఎల్ టీము సెయింట్స్‌లోకి వచ్చేసరికి మిగతా కుర్రాళ్ళకి ఇరవై రెండేళ్ళయితే ఈయనకి ముప్ఫై దగ్గర పడింది.

2002 అక్టోబర్‌లో వాషింగ్టన్ మీద ఒకే మ్యాచ్‌లో ఒక కిక్ రిటర్న్, ఒక పంట్ రిటర్న్, రెండూ టచ్‌డౌన్లు. ఆ సీజన్ మొత్తం మీద రిటర్న్‌ల్లో 2,432 గజాలు పరిగెత్తాడు, అప్పటికి అది ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. ప్రో బౌల్‌కి (ఎన్‌ఎఫ్‌ఎల్ ఆల్‌స్టార్ మ్యాచ్) పంపించారు. ఊరంతా బీర్ మ్యాన్ అని పిలిచేది, మా వీధిలో ట్రక్కు డ్రైవర్లు 84 నంబరు జెర్సీ వేసుకుని డెలివరీలకి వచ్చేవాళ్ళు. సెయింట్స్ వాళ్ళు తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా చేర్చారు.

బెజవాడ_బ్లిట్జ్
తాతయ్య గారూ, మీరు చెప్పిన దాంట్లోనే నా పాయింట్ ఉంది. లూయిస్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడింది రిసీవర్‌గా కాదండి, రిటర్నర్‌గా. ఇండోర్ నుంచి పైకెళ్ళిన వాళ్ళని చూస్తే ఇదే కనపడుద్ది. మొన్నీమధ్య కేవాంటే టర్పిన్ కూడా అంతే కదా, 2021లో ఫ్యాన్ కంట్రోల్డ్ ఫుట్‌బాల్ అని 50 గజాల ఇండోర్ గ్రౌండులో ఏడుగురేసి ఆడే ఆట, ప్లేలు జనం ఫోనులో ఓటేసి చెప్పేవాళ్ళు, అక్కడ ఆడాడు. తర్వాత పోలండ్ వెళ్ళాడు, 2022లో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే ఇంకో లీగులో ఎంవీపీ అయ్యాడు, అదే ఆగస్టులో ఎన్‌ఎఫ్‌ఎల్ టీము డాలస్ కౌబాయ్స్ ప్రీసీజన్ మ్యాచ్‌లో కిక్ ఒకటి పంట్ ఒకటి టచ్‌డౌన్ దాకా తీసుకెళ్ళాడు. 2025లో మూడేళ్ళకి కోటీ 80 లక్షల డాలర్ల కాంట్రాక్టు. వాడు ఎందుకు పనికొచ్చాడు? నాలుగడుగుల సందులో ఫుల్ స్పీడులో మలుపు తిరగడం వచ్చు కాబట్టి. ఇండోర్‌లో రోజూ చేసే పని అదే.

రిసీవర్‌గా వెళ్తే మాత్రం కష్టం. ఎన్‌ఎఫ్‌ఎల్ డిఫెండర్ లైను దగ్గరే చేతులతో ఛాతీ మీద గుద్దుతాడు, నిలబడిన చోట నుంచి వాణ్ణి వదిలించుకోవాలి. పదేళ్ళు పరిగెత్తుకొచ్చి మొదలెట్టే అలవాటున్నోడికి ఆ మొదటి అడుగే రాదు. దానికి తోడు 40 గజాల లోతు రూటు (పాసు కోసం రిసీవర్ పరిగెత్తే దారి) ఇక్కడ ఎప్పుడూ పరిగెత్తి ఉండడు, ఆ పొడవు గ్రౌండే లేదు కదా. స్కౌట్లు ఇండోర్ రిసీవర్ టేపు పక్కన పడేసేది అందుకే, పొగరు వల్ల కాదు.

కాకినాడ_కాజా
అలా ఒక్క ముక్కలో కొట్టేస్తే ఎలా గురూ. ఒరాండే గాడ్స్‌డెన్ సంగతేంటి? 1998లో పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ డ్రాగన్స్‌కి అరీనాలో ఆడి, అదే ఏడాది మయామీ డాల్ఫిన్స్‌లో రిసీవర్‌గా ఆడాడు, 2003 దాకా ఉన్నాడు, డాన్ మరీనో పాసులు పట్టాడు ఆయన. ఒంటి చేత్తో పట్టే క్యాచులు చూడండి ఎప్పుడన్నా, పక్కన డిఫెండర్ అంటుకునున్నా బంతి గాల్లోంచి లాక్కుంటాడు. ఇప్పుడు కొడుకు కూడా అదే పేరుతో ఛార్జర్స్‌లో ఆడుతున్నాడు.

ఇంకోడు మా డాలస్ వైపు కుర్రాడు ఆంథొనీ ఆర్మ్‌స్ట్రాంగ్. వెస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎంలో చదివి, ఒడెస్సా రఫ్‌నెక్స్ అని అస్సలు ఎవరికీ తెలియని ఇండోర్ టీములో ఆడి, అక్కణ్ణుంచి డాలస్ డెస్పరాడోస్‌కి వచ్చాడు, జెర్రీ జోన్స్‌దే ఆ టీము, కౌబాయ్స్ ఓనరు. 2007లో ఆ టీము 15 గెలిచి ఒక్కటే ఓడింది, చివరికి ప్లేఆఫ్‌లో కొలంబస్ చేతిలో బోల్తా, అది వేరే ఏడుపు. సరే, ఆర్మ్‌స్ట్రాంగ్ 2010లో వాషింగ్టన్‌కి 44 క్యాచులు, 871 గజాలు. లెక్కేస్తే క్యాచుకి దాదాపు 20 గజాలండి! లోతు రూటు రాదన్నారుగా, మరి ఇదేంటి?

బెజవాడ_బ్లిట్జ్
ఇద్దరూ ఇండోర్‌లో ఎన్నేళ్ళున్నారో చూడు. గాడ్స్‌డెన్ ఒక్క సీజనే. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా కొద్దికాలమే. బ్రౌన్ లాగా పదేళ్ళు అక్కడే పాతుకుపోయాక పైకెళ్ళిన రిసీవర్‌ని చూపించు, అప్పుడు మాట్లాడదాం. ఇండోర్ అనేది ఆగే స్టేషనుగా వాడుకున్నోడు వెళ్ళాడు, ఇల్లు కట్టుకున్నోడు అక్కడే ఉన్నాడు. అదేం తక్కువ అనట్లా, రెండూ వేరే కెరీర్లు అంటున్నా.

కారందోశ_కడప
ఇల్లు గట్టుకోడానికి దుడ్లెక్కడివి సామీ? అది చెప్పండి ముందు.

ఓరుగల్లు_పోరడు
పైసల ముచ్చట నేను జెప్త. 2010ల ఏఎఫ్‌ఎల్ మల్ల తెరిశినప్పుడు ఒక్కొక్కనికి గేముకి 400 డాలర్లు. సీజన్‌ల 16 గేములు. మొత్తం గల్పి 6,400. ఏడాదికి! అండ్ల టాక్సులు. ఉండెతందుకు టీమోళ్ళు అపార్ట్‌మెంట్ ఇస్తరు, ఇద్దరు ముగ్గుర్ని గల్పి, అది సీజన్ ఉన్నన్ని దినాలె. ఐఎఫ్‌ఎల్‌ల అంతకంటె తక్కువ ఇచ్చిన రోజులున్నయ్. గందుకె పొద్దుగాల జిమ్‌ల ట్రెయినర్, లేకుంటె బడిల సబ్‌స్టిట్యూట్ టీచరు, రాత్రి ఫుడ్ డెలివరి, శనారం మ్యాచ్. మా ఆఫీసు బిల్డింగుల సెక్యూరిటి తమ్ముడొకడు గిట్లనే రిసీవర్, సోమారం నాడు నడుస్తుంటె తెలుస్తది గెలిశిండ్రో ఓడిండ్రో గాదు, ఎన్నిసార్ల గోడకి తాకిండో.

ఇంకోటి ఇనుండ్రి. 2012 మార్చ్, సీజన్ మొదటి మ్యాచ్, పిట్స్‌బర్గ్ పవర్ టీము ఓర్లాండో వోయింది. గీ 400 సరిపోతలేదు పెంచుండ్రి అని ఆటగాళ్ళు సమ్మె జేస్తమన్నరు. మ్యాచ్ ముంగట ఓలివ్ గార్డెన్ హోటల్ల కూసొని పాస్తా తింటున్నరు అందరు, ఓనరొచ్చి టీము మొత్తాన్ని ఆడ్నే తీసేసిండు.

కొత్తగా_వచ్చా
తినేటప్పుడా??? 😳

ఓరుగల్లు_పోరడు
తినేటప్పుడె. తర్వాత కొందర్ని మల్ల దీస్కున్నరు. బిల్లెవరు గట్టిన్రో నాకెర్కలేదు.

ఆల్బనీ_లక్ష్మి
ఇన్నాళ్ళూ ఈ ఫోరంలో క్రికెట్ గోలే అనుకున్నా, మా ఎడ్డీ బ్రౌన్ మీద త్రెడ్ చూసి ప్రాణం లేచొచ్చింది. నేను ఆల్బనీలో స్టేట్ గవర్నమెంట్ ప్రాజెక్టు మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఈ ఊళ్ళో పాతవాళ్ళకి "టచ్‌డౌన్ ఎడ్డీ" అంటే ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది. 1999లో ఫైనల్ ఆల్బనీలోనే జరిగింది, ఎడ్డీ ఆడిన మా ఫైర్‌బర్డ్స్ 59, ఓర్లాండో 48. రెండేళ్ళు తిరక్కుండా, 2001కల్లా టీముని ఇండియానాకి తీసుకెళ్ళిపోయారు. ఊరికి కప్పు తెచ్చినా సరే టీము ఉంటుందన్న గ్యారంటీ లేదు, ఇండోర్ ఆటలో అన్నింటికంటే పెద్ద దెబ్బ అదేనండి నా లెక్కలో. పోరడు తమ్ముడు చెప్పిన 400 డాలర్లు ఒకెత్తు, వచ్చే ఏడాది ఆ 400 ఇచ్చే టీము ఉంటుందో లేదో తెలియకపోవడం ఒకెత్తు.

చూడండి. 2003 నుంచి 2006 దాకా ఎన్‌బీసీలో ఆదివారం మ్యాచులు లైవ్ వచ్చేవి. ఫిలడెల్ఫియా సోల్ ఓనర్లలో బాన్ జోవీ ఉండేవాడు, పాటలు పాడే ఆయనే. 2008 జులైలో ఆ సోల్ టీమే న్యూ ఆర్లీన్స్‌లో సాన్ హొసేని 59-56తో కొట్టి కప్పు ఎత్తింది. డిసెంబర్‌కి 2009 సీజన్ క్యాన్సిల్, తర్వాత దివాలా. కప్పు గెలిచిన రిసీవర్‌కి కూడా ఆర్నెల్లు తిరక్కుండా పని లేదు. 2010లో మళ్ళీ తెరిచారు, 2018కి నాలుగే టీములు మిగిలాయి, 2019 ఆగస్టులో మా ఆల్బనీ ఎంపైర్ 45-27తో సోల్‌ని కొట్టింది, నవంబర్‌లో లీగు మూత. 2024 ఏప్రిల్‌లో 16 టీములతో ఇంకోసారి అన్నారు, మొదటి వారాల్లోనే టీములు రాలిపోవడం మొదలైంది, జీతాలు రాలేదని ఆటగాళ్ళు బయటికొచ్చి చెప్పారు. పదేళ్ళు ఒకే ఫ్రాంచైజీలో ఆడిన బ్రౌన్ అదృష్టవంతుడు అనాలి, ఇప్పటి కుర్రాడికి ఒకే ఏడాదిలో మూడు జెర్సీలు మారొచ్చు, ఆటలో లోపం లేకపోయినా.

కాకినాడ_కాజా
అక్కా, ఆంటోనియో బ్రౌన్ ఎడ్డీ కొడుకే కదా? స్టీలర్స్‌లో ఆడినోడు

ఆల్బనీ_లక్ష్మి
అవును, కొడుకే. తండ్రి ఏడేళ్ళు కష్టపడి ఈ ఊళ్ళో సంపాదించిన పేరుంది కదా. 2023లో కొడుకు వచ్చి ఆల్బనీ ఎంపైర్‌ని కొన్నాడు, అప్పటికి ఆ టీము నేషనల్ అరీనా లీగ్‌లో 2021, 2022 రెండేళ్ళూ ఛాంపియను. జూన్‌కల్లా లీగుకి కట్టాల్సిన డబ్బు కట్టలేదని టీముని లీగు నుంచే గెంటేశారు. సీజన్ సగంలో! ఛాంపియన్ టీములో ఆడుతున్న రిసీవర్లు జూన్‌లో రోడ్డున పడ్డారు. ఎడ్డీ జెర్సీ వేసుకుని గ్యాలరీకి వచ్చే ముసలాయన ఒకరు మాకు తెలుసు, ఆయన తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు నన్ను బ్యాన్ చేస్తారు.

కారందోశ_కడప
ఆంటోనియోది ఇదొక్కటేనా, షర్టు ఇప్పేసి గ్రౌండులోంచి ఎలబారిపోయిన ఈడియో సూడలేదా, ఇంకా సానా ఉండాయి

మోడరేటర్
ఆంటోనియో బ్రౌన్ పర్సనల్ గొడవలకి వేరే త్రెడ్ ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ ఇండోర్ రిసీవర్ల గురించే. లక్ష్మి గారూ, తిట్లు వద్దు, కథలు ఎన్నైనా రాయండి.

కారందోశ_కడప
సరే సరే. ఒగ మాట అడుగుతా, మన దేశంలో గూడా ఒగసారి ఈ ఆట పెట్టినారు గదా? ఐద్రాబాద్ టీము అని ఇన్నట్టు గుర్తు.

బెజవాడ_బ్లిట్జ్
ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా, 2012. హైదరాబాద్ స్కైకింగ్స్ అని టీము ఉంది. అది ఇండోర్ కాదు, బయట ఆటే. పెట్టుబడి పెట్టిన వాళ్ళలో కర్ట్ వార్నర్ పేరుంది చూడు, మళ్ళీ ఆయనే. మ్యాచులు ఎక్కువ భాగం కొలంబోలో ఆడించి రికార్డు చేసి తర్వాత టీవీలో వేశారు. రగ్బీ, కబడ్డీ, అథ్లెటిక్స్ కుర్రాళ్ళని తెచ్చి నేర్పించారు. పుణె మరాఠాస్ గెలిచింది. తర్వాత నడవలేదు. నాకైతే ఇండోర్ పెట్టుంటే బాగుండేది అనిపిస్తుంది, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఎనిమిదేసి మందితో ఆడితే జనం చూసేవాళ్ళు, పదకొండు మందికి పూర్తి గేరు కొనే ఖర్చూ తగ్గేది.

ఓరుగల్లు_పోరడు
గచ్చిబౌలిల గోడలు గట్టి ఆడితె మావోళ్ళు కబడ్డి పట్టు పడ్తరు, ఒక్క రిసీవర్ లైను దాటడు 😂

కొత్తగా_వచ్చా
అందరూ చెప్పింది విన్నాక ఒక నిజమైన ప్రశ్న. అందుకే అసలు ఈ త్రెడ్‌లోకి వచ్చా. మా కజిన్ వాళ్ళబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, కాన్సస్‌లో చిన్న కాలేజీలో రిసీవర్, వచ్చే మేలో డిగ్రీ అయిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ అయితే రాదని వాడికీ తెలుసు. ఇండోర్ టీము ట్రయౌట్‌కి వెళ్తానంటున్నాడు. ఇంట్లో వాళ్ళమ్మ భోజనం మానేసింది, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పెట్టుకుని గోడలకి గుద్దుకోవడం ఏంట్రా అని. వాణ్ణి ఆపాలా, పోనివ్వాలా?

తాతయ్య_టచ్‌డౌన్
ఆపితే ఆగే వయసా అది. వాళ్ళమ్మకి ఒక మాట చెప్పు నాయనా, 2005లో లాస్ ఏంజిలెస్ అవెంజర్స్‌లో అల్ లూకస్ అనే లైన్‌మ్యాన్ మ్యాచ్‌లో వెన్నుపూస దెబ్బతిని చనిపోయాడు. ఆవిడ భయానికి కారణం ఉంది, దాన్ని నవ్వులాటగా తీసెయ్యొద్దని కుర్రాడికి చెప్పు. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఎంతవరకు, అది కాంట్రాక్టులో చదివి సంతకం పెట్టమను. ఇరవై రెండేళ్ళవాడు కాంట్రాక్టు చదవడు, మీరే కూర్చోబెట్టి చదివించాలి.

బెజవాడ_బ్లిట్జ్
@కొత్తగా_వచ్చా రెండు మూడు సంగతులు. ఓపెన్ ట్రయౌట్లకి టీములు ఎంట్రీ ఫీజు తీసుకుంటాయి, కొన్ని చిన్న లీగుల టీములకి ఆ ఫీజే ఆదాయం, తీసుకునే ఉద్దేశం లేకపోయినా పిలుస్తారు. ఆ టీము కిందటేడు ట్రయౌట్ నుంచి ఎంతమందిని తీసుకుందో అడగమను, సమాధానం నసిగితే వెళ్ళొద్దు. కాలేజీ కోచ్ ఫోన్ చేసి చెప్పే టీముకి వెళ్ళడం నయం. లీగుల్లో ఇప్పుడు కాస్త నిలకడగా ఉన్నది ఐఎఫ్‌ఎల్, 2009 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తానే ఉంది. కోవిడ్ ఏడాది ఒక్కటే ఆడలేదు.

వాడు రిసీవర్ అన్నావు కదా, రిటర్న్‌లు చేస్తాడా? చేయకపోతే ఇప్పట్నించే నేర్చుకోమను. అలాగే డిఫెన్సివ్ బ్యాక్ (అవతలి రిసీవర్లని కాపలా కాసేవాడు) ఆడగలిగితే ఇంకా మంచిది, రోస్టర్ (టీము జాబితా) చిన్నది, రెండు పనులొచ్చినోణ్ణి అంత తేలిగ్గా తీసెయ్యరు. ఇంకోటి, టేపులో టచ్‌డౌన్లు కాదు, సైడ్‌లైన్ పక్కన ఇరుకులో పట్టిన క్యాచులు పెట్టమను, ఇండోర్ కోచ్‌లు చూసేది అదే.

ఆల్బనీ_లక్ష్మి
అమ్మ తరఫున నేనొకటి చెప్తా. సీజన్ మార్చి ఆ చుట్టుపక్కల మొదలై వేసవితో అయిపోతుంది. కంప్యూటర్ సైన్స్ అంటున్నారు కాబట్టి రిమోట్ ఉద్యోగమో పార్ట్‌టైమో చూసుకుని వెళ్తే జిమ్ ట్రెయినర్ పని చేసేవాళ్ళకంటే వీడి పరిస్థితి నయం. ఆవిణ్ణి ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళండి, మొదటి వరసలో కాకుండా పై వరసలో కూర్చోబెట్టండి. గోడ దగ్గర కూర్చోబెడితే మాత్రం భోజనం ఇంకో నెల మానేస్తారు.

కాకినాడ_కాజా
కాన్సస్ అంటే చుట్టుపక్కలే ఇండోర్ టీములుంటాయండి, వాడికి ఊరు మారే పని కూడా ఉండకపోవచ్చు. ట్రయౌట్ డేటు తెలిస్తే ఇక్కడ పెట్టండి, మావాళ్ళు ఇద్దరు ముగ్గురం డాలస్ నుంచి కారేసుకొస్తాం.

కొత్తగా_వచ్చా
రిటర్న్‌లు హైస్కూల్లో చేసేవాడంట, కాలేజీలో ఆపేశారంట. ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. కాంట్రాక్టు చదివించే పని నాకు అప్పజెప్పింది వాళ్ళమ్మ, పీడీఎఫ్ చేతికొచ్చాక దెబ్బలు, వైద్యం ఉన్న పేజీలు ఇక్కడ పెడతా, టీము పేరు తీసేసి. చూసి చెప్పండి అందరూ.